మన ఫోన్‌లో మనకు కావలసిన యాప్ వేసుకునే హక్కు

(హనుమకొండలో విద్యార్థులు, ఉపాధ్యాయులు, రైతు కుటుంబాల వాళ్ల ముందు చేసిన ప్రసంగం. అక్కడక్కడ చిన్న దిద్దుబాట్లు తప్ప మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచాం.)

పెద్దలందరికీ నమస్కారం. తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామంది వచ్చారు, సంతోషం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ చాప మీద జాగా ఉంది.

పత్తి సంగతితో మొదలుపెడతాను. ఈ హాల్లో చాలామంది ఇళ్లల్లో అదే పంట కదా. 2025-26 సీజన్‌లో సీసీఐకి, అంటే కాటన్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాకు, మద్దతు ధరకు పత్తి అమ్మాలంటే ‘కపాస్ కిసాన్’ అనే యాప్‌లో పేరు నమోదు చేసుకోవాలి, స్లాట్ బుక్ చేసుకోవాలి అన్నారు. స్లాట్ ఉంటేనే జిన్నింగ్ మిల్లు గేటు దగ్గర బండి పెట్టాలి. స్మార్ట్‌ఫోన్ లేని రైతు ఏఈఓనో (వ్యవసాయ విస్తరణ అధికారి), పక్కింటి పిల్లగాణ్నో బతిమాలుకోవాలి. సరే, ఫోన్ ఉంది అనుకుందాం. ఆ యాప్ ఎక్కడ దొరుకుతుంది? ఆండ్రాయిడ్ అయితే ప్లే స్టోర్‌లో. ప్లే స్టోర్‌లోకి పోవాలంటే ముందు గూగుల్ ఖాతా ఉండాలి.

పత్తి మనది, కొనేది కేంద్ర ప్రభుత్వ సంస్థ, డబ్బు పడేది మన బ్యాంకు ఖాతాలో. వీటన్నిటి మధ్యలో కాలిఫోర్నియాలో ఉన్న ఒక ప్రైవేటు కంపెనీ దగ్గర ఖాతా ఎందుకు తెరవాలి? స్లాట్ దొరుకుతుందా లేదా అనే టెన్షన్‌లో ఈ ప్రశ్న అడిగే తీరిక రైతుకు ఉండదు. అడగాల్సింది మనం. ఉపాధి హామీ పనుల్లో కూడా ఇదే జరిగింది. 2023 జనవరి 1 నుంచి కూలీల హాజరును ఎన్ఎంఎంఎస్ యాప్‌లో ఫొటోలు తీసి ఎక్కించాలన్నారు. పని చూసుకునే మేట్ ఫోన్‌లో యాప్ నడవకపోతే హాజరు పడదు, హాజరు పడకపోతే కూలి రాదు. కూలి డబ్బు ఫోన్ మీద ఆధారపడ్డాక, ఆ ఫోన్ ఎవరి చెప్పుచేతల్లో ఉంది అనేది చదువుకున్నవాళ్లు మాత్రమే ఆలోచించే విషయం కాకుండా పోయింది.

ఇంజనీరింగ్ పిల్లలు వెంటనే ఒక మాట అంటారు. ‘సార్, ఆండ్రాయిడ్ ఓపెన్ సోర్సే కదా, దాని కోడ్ అందరికీ తెరిచే ఉంది కదా’ అని. అవును, సగం వరకు. ఆ మిగిలిన సగం గురించే నేను ఎక్కువ మాట్లాడతాను.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామర్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. సాఫ్ట్‌వేర్‌ను ఏ పనికైనా వాడుకోవాలి, లోపల ఎట్లా పనిచేస్తుందో చూసి మార్చుకోవాలి, నకలు ఇంకొకరికి ఇవ్వాలి, మార్చినదాన్ని కూడా పంచాలి. ఈ నాలుగు స్వేచ్ఛల మీదే ఉద్యమం నిలబడింది. 1991లో ఫిన్లాండ్‌లో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి లినక్స్ కెర్నెల్, అంటే సిస్టమ్‌లో అన్నిటికన్నా అడుగున ఉండి యంత్రాన్ని నడిపించే భాగం, రాయడం మొదలుపెట్టాడు. ఇవాళ మీ జేబులో ఉన్న ప్రతి ఆండ్రాయిడ్ ఫోన్‌కు అడుగున ఉన్నది ఆ కెర్నెలే. గూగుల్ 2005లో ఆండ్రాయిడ్ అనే చిన్న కంపెనీని కొన్నది, 2008లో మొదటి ఫోన్ వచ్చింది. దాని కోడ్‌ను బయట పెట్టారు. ఎవరైనా దించుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఫోన్ తయారు చేసుకోవచ్చు. ఇది నిజంగా పెద్ద విషయం, దాన్ని తక్కువ చేయను. వేల రూపాయల్లో మన చేతికి స్మార్ట్‌ఫోన్ వచ్చిందంటే ఆ బయటపెట్టిన కోడ్ వల్లే.

కానీ ఆ బయటపెట్టిన ఆండ్రాయిడ్ మాత్రమే ఉన్న ఫోన్ కొంటే అందులో ప్లే స్టోర్ ఉండదు. గూగుల్ మ్యాప్స్ ఉండదు. ప్లే సర్వీసెస్ అనే ఒక ముక్క ఉండదు. ఈ ముక్క గురించి మామూలుగా ఎవరూ మాట్లాడరు, అసలు కథ అంతా దాని చుట్టూనే ఉంది. మీకు నోటిఫికేషన్లు చేరవేసేది అదే, యాప్‌కు మీరున్న చోటు చెప్పేది అదే, ఈ ఫోన్ నమ్మదగినదా కాదా అని బ్యాంకు యాప్‌కు సర్టిఫికెట్ ఇచ్చేది అదే. దాని కోడ్ మాత్రం మూసి ఉంది. ఏళ్లు గడిచేకొద్దీ ఒకప్పుడు బయట ఉన్న పనులు ఒక్కొక్కటే మూసిన ముక్కలోకి జరిగిపోయాయి. ఎనుమాముల మార్కెట్ తెలిసినవాళ్లకు ఒక్క మాటలో చెప్తాను: యార్డు అందరిదీ, రోడ్డు అందరిదీ, కాంటా మాత్రం ఒకే ఒక్క షావుకారుది అయితే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది.

ఈ ముక్కను ఫోన్ కంపెనీలకు ఒప్పందాల మీద ఇస్తూ వచ్చారు. ప్లే స్టోర్ కావాలా? అయితే మా మిగతా యాప్‌లు కూడా పెట్టాలి, మా సెర్చ్ పెట్టె హోమ్ స్క్రీన్ మీద కనిపించాలి అనేవాళ్లు. ఇంకో ఒప్పందం ఇంకా గట్టిగా ఉండేది: మేం ఒప్పుకోని ఆండ్రాయిడ్ రూపంతో మీరు ఒక్క ఫోన్ కూడా అమ్మకూడదు. 2012లో ఏసర్ కంపెనీ చైనాలో అలీబాబా వాళ్ల అలియున్ సిస్టమ్‌తో ఫోన్ విడుదల చేయబోయి ఆఖరి నిమిషంలో ఆగిపోయింది. గూగుల్ ఒత్తిడి వల్లే ఆగిందని అలీబాబా అప్పుడే చెప్పింది. ఇక 2019 మేలో అమెరికా ప్రభుత్వం చైనా కంపెనీ హువావేను నిషేధ జాబితాలో పెట్టింది. హువావేకు ఆండ్రాయిడ్ కోడ్ అందకుండా ఎవరూ చేయలేకపోయారు, అది అందరిదీ కాబట్టి. ప్లే స్టోర్, ప్లే సర్వీసెస్ మాత్రం కొత్త ఫోన్లకు ఆగిపోయాయి. చైనా బయట ఆ ఫోన్లు కొనేవాళ్లు తగ్గిపోయారు. ప్రపంచంలోని పెద్ద ఫోన్ కంపెనీలలో ఒకటి అది. దానికే అట్లా జరిగితే మిగతావాళ్లు ఎదురు తిరుగుతారా?

ఇప్పుడు మన దేశం సంగతి. ఇక్కడ ఇంకో సీసీఐ వస్తుంది, అది పత్తి కొనే సీసీఐ కాదు, కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా. గందరగోళం లేకుండా కమిషన్ అంటాను. 2018 జులైలో యూరోపియన్ కమిషన్ ఈ ఒప్పందాల మీదే గూగుల్‌కు 434 కోట్ల యూరోల జరిమానా వేసింది. అది చూసి మన దేశంలో ముగ్గురు ఫిర్యాదు పెట్టారు: ఉమర్ జావీద్, సుకర్మ థాపర్, ఆకిబ్ జావీద్. పెద్ద కంపెనీ వాళ్లు కాదు, పెద్ద లాయర్లు కాదు. ఇద్దరు జూనియర్ పరిశోధకులు, ఒకరు లా స్టూడెంట్. ఇక్కడ కూర్చున్న పిల్లలు ఈ పేర్లు గుర్తుపెట్టుకోండి, దాదాపు మీ వయసువాళ్లే. ఆ ఫిర్యాదు మీద 2019లో దర్యాప్తు మొదలైంది, 2022 అక్టోబర్ 20న కమిషన్ ₹1,337.76 కోట్ల జరిమానా వేసింది. వారం తిరగకముందే ప్లే స్టోర్ బిల్లింగ్ విషయంలో ఇంకో ₹936.44 కోట్లు వేసింది, ఆ రెండోదాన్ని అప్పీల్‌లో ₹216.69 కోట్లకు తగ్గించారు.

పేపర్లన్నీ జరిమానా అంకెలు రాశాయి. నాకు అంకెల కన్నా ఆ ఉత్తర్వుల్లోని ఆదేశాలు ముఖ్యం. మొదటి ఉత్తర్వులో పది ఆదేశాలు ఉన్నాయి. అందులో ఒకటి: ప్లే స్టోర్ బయట నుంచి యాప్ ఇచ్చుకునే వీలును గూగుల్ ఏ రకంగానూ అడ్డుకోకూడదు. నిజానికి మన హక్కు మొత్తం ఆ ఒక్క వాక్యంలో ఉంది. 2023 మార్చి 29న అప్పీలేట్ ట్రిబ్యునల్, ఎన్‌సీఎల్‌ఏటీ, జరిమానాను సమర్థించింది కానీ పదింటిలో నాలుగు ఆదేశాలను కొట్టేసింది. కొట్టేసినవాటిలో ఈ ఆదేశం కూడా ఉంది. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. జరిమానా కట్టడం అంత పెద్ద కంపెనీకి లెక్క కాదు. పోయిన ఆ ఆదేశం మనకు లెక్క.

ఎందుకు లెక్కో 2025 ఆగస్టులో తెలిసివచ్చింది. గూగుల్ ఒక ప్రకటన చేసింది. ఇకపై గూగుల్ ధ్రువీకరించిన ఆండ్రాయిడ్ ఫోన్లలో, ప్లే స్టోర్ నుంచి వచ్చినా బయట నుంచి వచ్చినా, తమ దగ్గర పేరు నమోదు చేసుకున్న డెవలపర్ యాప్ మాత్రమే ఎక్కుతుంది అని. ప్రభుత్వ గుర్తింపు కార్డు చూపాలి, 25 డాలర్ల ఫీజు కట్టాలి. విద్యార్థులకు ఫీజు లేని ఖాతా ఉంటుంది, కానీ ఎన్ని ఫోన్లలో ఎక్కించవచ్చో పరిమితి ఉంటుంది. 2026 సెప్టెంబర్‌లో బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయ్‌లాండ్‌లతో మొదలుపెట్టి, 2027 నుంచి మిగతా దేశాలకు అన్నారు. అంటే కాకతీయ యూనివర్సిటీలో చదివే ఒక చెల్లె తన ఊరి కోసం ఒక యాప్ రాసి, తన కాలేజీ వెబ్‌సైట్‌లో పెట్టి, నలుగురికి ఇవ్వాలన్నా ముందు గూగుల్‌కు దరఖాస్తు పెట్టుకోవాలి. ప్లే స్టోర్‌తో ఆమెకు ఏ సంబంధం లేకపోయినా సరే.

2010 నుంచి నడుస్తున్న ఎఫ్-డ్రాయిడ్ అనే స్టోర్ ఉంది. అందులో ఉన్నవన్నీ ఓపెన్ సోర్స్ యాప్‌లే. కోడ్ తెచ్చుకుని, వాళ్లే కట్టి, వాళ్లే ఇస్తారు. ఏ యాప్‌లో యాడ్లు ఉన్నాయో, ఏది మన కదలికలు గమనిస్తుందో పేజీ మీదే హెచ్చరిక రాస్తారు. ఖాతా అడగరు. ఈ నిబంధన అమలైతే మా ప్రాజెక్టు ముగిసినట్టే అని వాళ్లు బాహాటంగా చెప్పారు. ప్రపంచమంతా గోల చేశాక 2025 నవంబర్‌లో గూగుల్ కొంచెం దిగివచ్చింది, రిస్కు తెలిసినవాళ్లకు వేరే దారి ఉంచుతామన్నది. ఆ దారి ఎంత ఇరుకుగా ఉంటుందో, ఎన్ని హెచ్చరికలు దాటాల్సి వస్తుందో నిర్ణయించేది మళ్లీ వాళ్లే. నేను ఒప్పుకోలేనిది అదే.

దీనికి గూగుల్ చెప్పే కారణం భద్రత. దాన్ని నేను కొట్టిపారేయను, ఎందుకంటే మన జిల్లాల్లో ఆ దెబ్బ తిన్నవాళ్లు ఉన్నారు. వాట్సాప్‌లో పీఎం కిసాన్ పేరుతోనో, ట్రాఫిక్ చలాన్ పేరుతోనో ఒక ఏపీకే ఫైల్, అంటే స్టోర్ లేకుండా నేరుగా యాప్‌ను ఎక్కించే ఫైల్, వస్తుంది. నొక్కితే ఓటీపీలు చదివేస్తుంది, ఖాతా ఖాళీ అవుతుంది. అట్లా జరిగితే ఒక్క నిమిషం ఆగకుండా 1930కి ఫోన్ చేయండి, ఇక్కడున్న ప్రతి ఒక్కరూ ఇంటికెళ్లి అమ్మానాన్నలకు ఈ నంబర్ చెప్పండి. బయట నుంచి వేసుకునే యాప్‌లలో చెడ్డవి ప్లే స్టోర్‌లో కన్నా యాభై రెట్లకు పైగా ఎక్కువ అని గూగుల్ లెక్క చెప్తుంది.

అయితే ఒక సంగతి మరిచిపోవద్దు. 2020 డిసెంబర్‌లో మన తెలంగాణలో లోన్ యాప్‌ల వేధింపులు బయటపడ్డాయి. అప్పు తీసుకున్నవాళ్ల ఫోన్‌లో ఉన్న నంబర్లన్నిటికీ మెసేజ్‌లు పంపి పరువు తీశారు. ప్రాణాలు తీసుకున్నవాళ్లు ఉన్నారు. ఆ యాప్‌లు ఎక్కడివి? చాలావరకు ప్లే స్టోర్‌లోవే. గూగుల్ తలుపు దగ్గర నిలబడి లోపలికి పంపినవే. పోలీసులు కేసులు పెట్టాక, పేపర్లలో వచ్చాక, 2021 జనవరిలో తీసేయడం మొదలుపెట్టారు. 2022 సెప్టెంబర్ నుంచి 2023 ఆగస్టు దాకా 2,200కు పైగా మోసపు లోన్ యాప్‌లు తీసేశారని కేంద్ర మంత్రి పార్లమెంటులోనే చెప్పారు. కాబట్టి కాపలాదారు ఒక్కడే ఉంటే మోసం ఆగుతుందని నాకెవరూ చెప్పొద్దు. మోసగాడికి దొంగ గుర్తింపు కార్డు దొరకడం కష్టం కాదు. ఫీజు కట్టలేక, పేరు బయట పెట్టలేక ఆగిపోయేది నిజాయితీగా రాసుకునే చిన్నవాడే. తెలియని లింకు నొక్కబోతే గట్టిగా హెచ్చరించండి, ఓటీపీ మెసేజ్‌లు చదివే అనుమతి అడిగితే అడ్డుకోండి, అది న్యాయం. నా ఫోన్‌లో నేను ఏం వేసుకోవాలో మీ రిజిస్టర్ చూసి చెప్పడం న్యాయం కాదు.

మరి వేరే ఫోన్ సిస్టమ్‌లు లేవా అంటే, వచ్చాయి. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ చేసే మొజిల్లా వాళ్ల ఫైర్‌ఫాక్స్ ఓఎస్ ఫోన్ 2014 ఆగస్టులో మన దగ్గర ₹1,999కే అమ్మారు. వాట్సాప్ రాలేదు, ఫోన్ నిలబడలేదు. ఆ కోడ్ నుంచే కైఓఎస్ పుట్టింది, దాని మీదే జియోఫోన్ వచ్చింది, ఊళ్లల్లో చాలామంది చేతుల్లో చూశాం. 2018లో దానికి వాట్సాప్ వచ్చింది. 2024 జూన్‌లో ఆ వాట్సాప్‌ను కొత్తగా దించుకోవడం ఆపేశారు. పెద్ద కంపెనీ యాప్ ఇస్తే ఫోన్ బతుకుతుంది, తీసుకుంటే చస్తుంది. 2023 జనవరిలో ఐఐటీ మద్రాస్ దగ్గర పుట్టిన భారోస్ గురించి టీవీల్లో బాగా చూపించారు. దాని అడుగున ఉన్నది కూడా ఆండ్రాయిడ్ కోడే, అందులో తప్పు లేదు. కానీ నాకు దేశీ ముద్ర చాలదు. కోడ్ నేను చదవగలగాలి, మార్చగలగాలి.

ఇక్కడ జర్మనీ సంగతి చెప్పాలి, నాకు బాగా నచ్చిన ఉదాహరణ. కరోనా కాలంలో 2020 జూన్‌లో జర్మనీ ప్రభుత్వం తన కరోనా యాప్ కోడ్ మొత్తం బయట పెట్టింది. అయినా ఆ యాప్ గూగుల్ ప్లే సర్వీసెస్ లేకుండా నడవదు. అప్పుడు కొందరు వాలంటీర్లు ఆ కోడ్ తీసుకుని, గూగుల్ ముక్క స్థానంలో మైక్రో-జీ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పెట్టి, అదే సంవత్సరం చివరికల్లా ఎఫ్-డ్రాయిడ్‌లో ఇచ్చేశారు. ప్రభుత్వాన్ని బతిమాలలేదు, గూగుల్‌ను బతిమాలలేదు. కోడ్ బయట ఉంది కాబట్టి చేసుకున్నారు. మన ఆరోగ్య సేతు ఆండ్రాయిడ్ కోడ్ కూడా 2020 మే 26న బయట పెట్టారు. అంటే మన ప్రభుత్వానికి ఇది చేతకాని పని కాదు. ఇంకా చెప్పాలంటే, కేంద్ర ప్రభుత్వ సాఫ్ట్‌వేర్‌లో ఓపెన్ సోర్స్‌కే మొదటి స్థానం ఇవ్వాలని 2015లో విధానమే తెచ్చారు. అది ఇప్పటికీ కాగితం మీద ఉంది.

అందుకే మనం అడగాల్సినవి నా దృష్టిలో ఇవి. జనం డబ్బుతో కట్టించిన యాప్ అయితే, పత్తి స్లాట్ యాప్ అయినా, అంగన్‌వాడీ టీచర్ల పోషణ్ ట్రాకర్ అయినా, కోడ్ జనం ముందు ఉండాలి. ఏపీకే ఫైల్ ఆ శాఖ సొంత వెబ్‌సైట్‌లో, సరైన సంతకంతో దొరకాలి. అట్లా దొరికితే వాట్సాప్‌లో తిరిగే దొంగ ఏపీకేల నుంచి కూడా కాపాడుకోవచ్చు, అసలుది ఎక్కడ ఉందో అందరికీ తెలుస్తుంది కాబట్టి. ప్లే సర్వీసెస్ లేని ఫోన్‌లో కూడా నడవాలి. అదే పని బ్రౌజర్‌లో, మీసేవలో, కాగితం మీద కూడా జరగాలి. యాప్ ఒక్కటే దారి కాకూడదు. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో అడగండి: ఈ యాప్ ఎవరు కట్టారు, కోడ్ ఎవరి దగ్గర ఉంది, 2015 విధానాన్ని ఎందుకు పాటించలేదు. లా చదివేవాళ్లు, కంప్యూటర్ సైన్స్ చదివేవాళ్లు ఇద్దరిద్దరు కలిసి రాయండి, ప్రశ్న సూటిగా ఉంటుంది.

అడిగితే ఏమవుతుంది అని నిరుత్సాహపడకండి. 2015లో ఫేస్‌బుక్ తనకు నచ్చిన సైట్లను మాత్రమే ఉచితంగా చూపిస్తాను అని వచ్చింది, ఫ్రీ బేసిక్స్ అని పేరు పెట్టి పేపర్ల నిండా ప్రకటనలు వేసింది. అంతకుముందే ఆ ఏడాది ఇంటర్నెట్ అందరికీ ఒకేలా ఉండాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కు పది లక్షలకు పైగా ఈమెయిళ్లు వెళ్లాయి, ఎక్కువగా మామూలు జనం పంపినవే. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ సైటును బట్టి వేర్వేరు ధరలు పెట్టడాన్ని నిషేధించింది. ఫేస్‌బుక్ ఆ పథకాన్ని మన దేశంలో మూసేసుకుంది. ప్రపంచంలో పెద్ద పెద్ద దేశాలు ఆలోచిస్తూ కూర్చున్నప్పుడు మనం చేసిన పని అది.

మన సొంత ఫోన్లలో కూడా పని ఉంది. కీబోర్డ్‌తో మొదలుపెట్టండి. మీరు కొట్టే ప్రతి అక్షరం, ప్రతి పాస్‌వర్డ్ దాని గుండానే పోతుంది. హెలీబోర్డ్ అనే ఓపెన్ సోర్స్ కీబోర్డ్‌లో తెలుగు ఉంది, ఇంటర్నెట్ అనుమతే అడగదు. మ్యాప్ కోసం ఆర్గానిక్ మ్యాప్స్ ఉంది, నెట్ లేకుండా నడుస్తుంది. దాని కింద ఉన్న ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మీ ఊరి చెరువు, మత్తడి, వాగు దాటే కల్వర్టు మీరే గీయవచ్చు. ఆ పటం ఎవరికీ అమ్ముడుపోదు.

చీటీల మీద ప్రశ్నలు వచ్చాయి. ఎక్కువమంది అడిగింది ఒకటే: లైన్‌ఏజ్ ఓఎస్ (ఆండ్రాయిడ్ కోడ్‌తో వాలంటీర్లు కట్టిన సిస్టమ్) వేసుకుంటే ఫోన్‌పే, బ్యాంకు యాప్‌లు నడుస్తాయా? కొన్ని నడుస్తాయి, కొన్ని నడవవు. ఫోన్ గూగుల్ పరీక్ష పాసైందా అని యాప్ అడుగుతుంది, కాలేదంటే తెరుచుకోదు. ఎప్పుడో అప్‌డేట్లు ఆగిపోయిన పాత ఫోన్ ఆ పరీక్ష పాసవుతుంది, ఈ నెల భద్రతా అప్‌డేట్ ఉన్న లైన్‌ఏజ్ ఫోన్ ఫెయిల్ అవుతుంది. ఇందులో భద్రత ఎక్కడుందో బ్యాంకులు చెప్పాలి. ఈ ప్రశ్న యూపీఐని నడిపే ఎన్‌పీసీఐకి, రిజర్వ్ బ్యాంకుకు మనం రాయాల్సిందే, యూపీఐ మన దేశం కట్టుకున్నది కాబట్టి. అప్పటిదాకా రోజూ డబ్బు కట్టే ఫోన్‌ను కదిలించకండి.

పాత ఫోన్ తెచ్చినవాళ్లు ఆ కుడివైపు బల్ల దగ్గరికి రండి. ముందు సెట్టింగ్స్‌లో మోడల్ నంబర్ చూసి రాసుకోండి, లైన్‌ఏజ్ జాబితాలో ఉందో లేదో చూద్దాం. ఉంటే ఫొటోలు, నంబర్లు అన్నీ కంప్యూటర్‌లోకి తీసుకున్నాకే చేయి వేద్దాం, ఎందుకంటే వేరే సిస్టమ్ ఎక్కనివ్వకుండా ఫోన్‌కు వేసి ఉంచే బూట్‌లోడర్ తాళం తీసినప్పుడు ఫోన్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది. కొన్ని కంపెనీలు ఆ తాళం తీయనివ్వవు, అటువంటి ఫోన్‌తో కుస్తీ పట్టొద్దు. దాంట్లో ఎఫ్-డ్రాయిడ్ వేసి ఇస్తాం, ఇవాళ్టికి అది దాదాపు అన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఎక్కుతుంది.